ఈమ్యాక్స్‌లోని ఈడబ్ల్యూడబ్ల్యూలో ఫారం బటన్ పనిచేయకపోవడం

ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటరులోనే ఉండే వెబ్ బ్రౌజరు ఈడబ్ల్యూడబ్ల్యూలో ఫారం నింపి బటన్ నొక్కినా మీకు ఏమీ జరగకపోవడానికి కారణం మీ సెట్టింగులు కాకపోవచ్చు. వెబ్ పేజీలతో వచ్చే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను (స్క్రిప్టులను) ఈడబ్ల్యూడబ్ల్యూ అసలు నడపదు కనుక, స్క్రిప్టు మీద ఆధారపడిన బటన్ అక్కడ ఉత్త అక్షరాలే.

1. ఆ పేజీలోనే & మీట నొక్కండి; అది బయటి బ్రౌజరులో తెరుచుకుంటుంది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: ఆ మీట బ్రౌజ్-యూఆర్ఎల్-బ్రౌజర్-ఫంక్షన్‌ను కాక, బ్రౌజ్-యూఆర్ఎల్-సెకండరీ-బ్రౌజర్-ఫంక్షన్ అనే ఈమ్యాక్స్ సెట్టింగును చూస్తుంది. మొదటిదాన్ని మాత్రమే మార్చి ఊరుకుంటే మీరు కోరిన బ్రౌజరు రాదు. రెండోదానికి బ్రౌజ్-యూఆర్ఎల్-జెనరిక్ అని ఇచ్చి, బ్రౌజ్-యూఆర్ఎల్-జెనరిక్-ప్రోగ్రామ్ అనే సెట్టింగులో ఐస్‌క్యాట్ (ఫైర్‌ఫాక్స్ ఆధారంగా గ్నూ వారు చేసిన బ్రౌజరు) పేరును చిన్న ఇంగ్లీషు అక్షరాలలో రాయండి.

3. మీ లాగిన్‌ను గుర్తుంచే కుకీలు బయటి బ్రౌజరుకు వెంట రావు కనుక మళ్ళీ లాగిన్ కావాలి.

ఐస్‌క్యాట్‌నే సూచించడానికి కారణం దానితో వచ్చే లిబ్రెజేఎస్ అనే యాడ్-ఆన్: మన కంప్యూటరులో నడిచే ప్రోగ్రామును చదివే హక్కు మనది కనుక, స్వేచ్ఛా లైసెన్సు (చదివి, మార్చి, పంచుకునే అనుమతి) ప్రకటించని స్క్రిప్టులను, అతి సరళమైనవి తప్ప, అది ఆపుతుంది. మీ ఫారం స్క్రిప్టునూ ఆపితే, దాన్ని అనుమతించాలో లేదో మీరే నిర్ణయించుకోవచ్చు.