ఫిజిక్స్ ఏ తరగతికి ఎలా చెప్పాలి? మా బడిలో పనిచేసిన పద్ధతులు

డీఎస్సీలో ఎంపికై హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరుగా చేరానన్నారు. ఆరు నుంచి పది దాకా చెప్పాలి, సాయంత్రం ఊళ్లో ఇంటర్ పిల్లలు డౌట్లకు వస్తున్నారు, ల్యాబులో సామాను లేదు, పిల్లలు నిర్వచనాలు గడగడా అప్పజెప్తారు గానీ చిన్న లెక్క ఇస్తే తెల్లమొహం వేస్తారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేనూ చంద్రగిరి వైపు పల్లె బడిలో ఇదే సబ్జెక్టు చెప్తాను, కాబట్టి చేసి చూసినవే రాస్తాను.

ఏ తరగతికైనా నా వరస ఒకటే. ముందు "ఏమవుతుందో చెప్పండి" అని అడిగి, పిల్లలు చెప్పిందంతా తప్పొప్పులు చూడకుండా బోర్డు మీద రాస్తాను. తర్వాత చేసి చూస్తాం. చూశాకే దానికి పేరు చెప్తాను. సూత్రం అన్నిటికన్నా చివర. తరగతి పెరిగేకొద్దీ కొలతలు, లెక్కలు ఎక్కువవుతాయి తప్ప ఈ వరస మారదు.

ఆరు, ఏడు తరగతులకు కరెంటు పాఠం చెప్పేటప్పుడు నలుగురేసి పిల్లలకు ఒక టార్చి సెల్, ఒక చిన్న ఫిలమెంట్ బల్బు, ఒకే ఒక వైరు ముక్క ఇవ్వండి. హోల్డరు ఇవ్వొద్దు. బల్బు వెలిగించమని చెప్పి పక్కకు జరగండి. చాలామంది వైరు ఒక కొస సెల్‌కు, రెండో కొస బల్బు అడుక్కు ఆనించి చూస్తారు. "ఎలగలా సార్, సెల్లు అయిపోయినట్టుంది" అంటారు. సెల్ మార్చకండి, సాయం చేయకండి. కాసేపటికి ఎవరో ఒకరు బల్బును సెల్ బుడిపె మీద నిలబెట్టి, సెల్ అడుగునూ బల్బు పక్కనున్న లోహపు తొడుగునూ వైరుతో కలుపుతారు. వెలుగుతుంది. గది దద్దరిల్లుతుంది కాబట్టి పక్క క్లాసు టీచరుకు ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి. అప్పుడు బల్బును దగ్గరగా చూడమనండి. ఫిలమెంట్ ఒక కొస అడుగున చుక్కకూ, రెండోది పక్క తొడుగుకూ చేరుతుందని వాళ్లే కనిపెడతారు. 'వలయం' అన్న మాట అప్పుడు చెప్తే ఇక మర్చిపోరు. బల్బు లేకుండా సెల్ రెండు కొసలనూ వైరుతో నేరుగా కలిపితే వైరు వేడెక్కుతుంది, అది ముందే హెచ్చరించండి. ఇంట్లో ప్లగ్గు జోలికి పోవద్దని కూడా గట్టిగా చెప్పండి.

లోలకానికి దారం, ఒక నట్టు చాలు. గుమ్మానికి వేలాడదీసి, చిన్నదీ పెద్దదీ రెండు నట్లు చూపించి ఏది తొందరగా ఊగుతుందో అడగండి. ఏడో తరగతి పిల్లలు ఎక్కువమంది "బరువుది సార్" అంటారు. దారం మీటరు పెడితే 20 ఊపులకు (అటు వెళ్లి ఇటు తిరిగొస్తే ఒక ఊపు) 40 సెకన్లు పడుతుంది, నట్టు ఏదైనా సరే. నట్టు మార్చినప్పుడు దాని మధ్య వరకూ మళ్లీ కొలిచి మీటరు సరిచూసుకోండి. ఇప్పుడు 25 సెంటీమీటర్లకు కుదిస్తే ఎంత అని అడిగితే పది అంటారు. వచ్చేది 20. అక్కడే ఆపేయండి, వర్గమూలం ఊసెత్తొద్దు. ఇంటర్ పిల్లలతో ఇదే దారం తీసుకుని, పొడవు మారుస్తూ ఆవర్తన కాలం (ఒక ఊపుకు పట్టే సమయం) వర్గానికి గ్రాఫు గీయించి, వాలు నుంచి గురుత్వ త్వరణం g తీయించండి. ఇక్కడ ఒక విషయంలో నాకు చాలా పట్టుదల ఉంది. రికార్డుల్లో అందరికీ 9.8 వచ్చేస్తుంది, అది చూస్తే నాకు బాధేస్తుంది. మన తిరుపతి అక్షాంశానికి నిజానికి రావాల్సింది సుమారు 9.78. పిల్లవాడికి 9.6 వస్తే 9.6 అనే రాయనివ్వండి. పొడవు నట్టు మధ్య వరకూ కొలిచాడా, స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కాడు, ఊపు మరీ పెద్దదైందా అని వాడే వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో ఫిజిక్స్ ఉంది.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు తిరుమల కొండను మించిన పాఠం మనకు లేదు. ఘాట్ రోడ్డు నిటారుగా కాకుండా మెలికలు తిరుగుతూ ఎందుకు పోతుందని ఎనిమిదిలో అడగండి. తొమ్మిదిలో పని, శక్తి వచ్చాక లెక్క కట్టించండి. తిరుపతికీ తిరుమలకూ ఎత్తు తేడా 700 మీటర్లు అనుకుంటే, 50 కిలోల పిల్లవాడు అలిపిరి మెట్లెక్కితే చేసే పని దాదాపు 3.4 లక్షల జౌళ్లు, అంటే 82 కిలోక్యాలరీలు. "అంతేనా సార్, అంత చెమట పట్టింది కదా" అంటారు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు కూడా కష్టం మీదే పనిగా మారుతుంది, మిగతాది వేడి అని అప్పుడు చెప్పండి. ఇంటర్ పిల్లలకు ప్రశ్న మార్చండి. పది టన్నుల బస్సు కొండ దిగేటప్పుడు దాదాపు 7 కోట్ల జౌళ్ల స్థితిశక్తి ఎక్కడికి పోతుంది? అదంతా బ్రేకులే మింగితే కాలిపోతాయి. డ్రైవరు తక్కువ గేర్లో ఎందుకు దిగుతాడో వాళ్లే చెప్పేస్తారు.

పదో తరగతి కాంతికి అవ్వ కళ్లజోడు తెప్పించండి. +2 పవరు ఉన్నది అయితే మేలు. గదిలో లైట్లు ఆపి, కిటికీకి ఎదురుగా తెల్లకాగితం పట్టుకుని, మధ్యలో అద్దాన్ని ముందుకూ వెనక్కూ జరపమనండి. అర మీటరు దగ్గర బయటి వేపచెట్టు తలకిందులుగా కాగితం మీద పడుతుంది. అద్దం నుంచి బొమ్మ దాకా ఉన్న ఈ దూరమే నాభ్యంతరం, 50 సెంటీమీటర్లు. ఒకటిని అర మీటరుతో భాగిస్తే పవరు 2. పవరు కొలిచే డయాప్టర్ అంటే ఏమిటో ఇక చెప్పాల్సిన పని లేదు. మైనస్ అద్దాలు పెట్టుకునే పిల్లలుంటే వాళ్లవీ పెట్టి చూడమనండి. ఎంత జరిపినా బొమ్మ పడదు, పుటాకార కటకం పాఠం అక్కడే మొదలవుతుంది. అద్దంలోంచి సూర్యుణ్ని మాత్రం చూడనివ్వకండి.

ఇంటర్ పిల్లల డౌట్ల దగ్గర ఒక్క నియమం పెట్టుకోండి. బొమ్మ గీసి బలాలన్నీ బాణాలతో చూపించకుండా సూత్రం రాయకూడదు. ఈఏపీసెట్ టెన్షన్‌లో ఉన్న పిల్లలు మొదట్లో విసుక్కుంటారు. కప్పి లెక్కలు, వాలుతలం లెక్కలు నాలుగు చేశాక వాళ్లే ముందు బొమ్మ గీస్తారు.

సిలబస్ అవుతుందా అన్న భయం మీకు ఉంటుంది. ప్రతి పాఠానికీ ప్రయోగం పెట్టుకోకండి, యూనిట్‌కు ఒకటి బాగా చేయిస్తే చాలు. ధ్వనిలో కొంత భాగం, ఉపయోగాల జాబితాలు నేను చదివించి వదిలేస్తాను. పరీక్షకు నిర్వచనాలు కావాలి కదా, అవి ప్రయోగం అయిన మర్నాడు పిల్లల మాటల్లోనే రాయించి, పాఠ్యపుస్తకంతో పోల్చి దిద్దించండి.

ఏడాదికోసారి అలిపిరి దగ్గరున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. ఊరికే తిప్పితే అన్నీ నొక్కి వచ్చేస్తారు. ఒక్కో జట్టుకు ఒక్క ప్రదర్శన అప్పగించి, అది ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసుకురమ్మనండి. తిరిగొచ్చాక దారం, అట్టముక్కలు, సెల్లులతో దాన్నే బడిలో చేయడానికి వారం గడువివ్వండి.