కెంపు మీద ‘ఏఏఏ’ ముద్ర ఎవరు వేస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి కెంపుల పతకం చేయించాలని నెల్లూరులో రెండు దుకాణాలు తిరిగాము. ఒకచోట రాళ్లు ‘ఏఏఏ’ రకమన్నారు. రెండోచోట అదే రంగులో ఉన్న రాళ్లను ‘ఏఏ’ అంటూనే వెల ఎక్కువ చెప్పారు. వజ్రాలకు ఉన్నట్లు వీటికి లెక్క లేదా? ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడి ఉండకపోవచ్చు. వజ్రపు రంగును ‘డి’ నుంచి ‘జెడ్’ వరకు నిర్ణయించే పద్ధతిని అమెరికాలోని జీఐఏ అనే రత్నశాస్త్ర సంస్థ గత శతాబ్దపు నడుమ రూపొందించగా, వర్తకలోకం చాలావరకు దానినే అనుసరిస్తోంది. రంగురాళ్లకు అలా అందరూ ఒప్పుకొన్న కొలత లేదు. ‘ఏఏఏ’ అన్నది అమ్మేవారు తమ సరుకును తాము వేరుచేసుకోవడానికి పెట్టుకొన్న గుర్తు మాత్రమే కాబట్టి, ఒకరి ‘ఏఏ’ మరొకరి ‘ఏఏఏ’ కంటే మేలైనది కావచ్చు. మన గూడూరు వైపు అభ్రకాన్ని మరకను బట్టి, రేకు వెడల్పును బట్టి తరగతులుగా విడదీసి అమ్మిన వ్యాపారం ఉంది. కాకిబంగారానికి కుదిరిన ఏర్పాటు అసలు రత్నాలకు ఇంకా కుదరకపోవడం విచిత్రమే.

కుదరకపోవడానికి కారణం రంగే. మామూలు వజ్రంలో రంగు ఎంత తక్కువో చూస్తారు. కెంపులో మాత్రం ఛాయ ఏది, అది ఎంత ముదురు, ఎంత నిండుగా ఉంది అన్న మూడింటినీ కలిపి చూడాలి. ఎరుపు మరీ ముదిరితే రాయి నల్లబడి కనిపిస్తుంది, పలచబడితే గులాబీ వైపు జారుతుంది. వెలలో పెద్ద పాలు ఈ రంగుదే. అందుచేత రాయిని దుకాణంలోని పసుపు దీపాల కింద చూసి తృప్తిపడకండి. ఆ వెలుగులో ఏ కెంపైనా మరింత ఎర్రగా కనిపిస్తుంది. పగటిపూట గుమ్మం దాకా తెచ్చుకొని, తెల్ల కాగితం మీద పెట్టి, మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. అంచుల్లో రంగు నిండుగా ఉండి నడుమ వెలవెలబోతూ, కింది కాగితం మీది అక్షరాలు రాతిలోంచి కనిపిస్తూ ఉంటే, బరువు పోకూడదని సానను చెడగొట్టారని అర్థం.

లోపలి జీరల విషయంలో ఏ జాతి రాయిని ఆ జాతితోనే పోల్చాలి. అక్వామెరీన్ అనే లేత నీలిరంగు రాయి నీటిచుక్కలా తేటగా ఉండాలని ఆశించవచ్చు. కెంపు, నీలాలలో కొద్దిపాటి జీరలు సహజం. ఏ మచ్చా లేకుండా, పెద్దగా, చవగ్గా దొరికే కెంపును చూసి సంతోషించడానికి బదులు సందేహించాలని నా అభిప్రాయం. కెంపును కొలిమిలో తయారుచేసే పద్ధతి 1902లోనే వెల్లడైంది.

అన్నిటికంటే ముఖ్యంగా అడగవలసినది రాయికి ఏమి చేశారన్న సంగతి. కెంపులను వేడిచేసి రంగు తేర్చడం వ్యాపారంలో అంగీకరించిన పనే గాని, ఆ మాట కొనేవారికి చెప్పి తీరాలి. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపుల సంగతి వేరు: పదింతలు చూపే భూతద్దంలో వాటిలో గుండ్రని బుడగలు, రాయిని వంచినప్పుడు నీలిమెరుపులు కనిపిస్తాయి. కంసాలి మంట తగిలినా, ఆఖరికి నిమ్మరసం పడినా ఆ గాజు చెడిపోతుంది. అందువల్ల పతకంలో పొదిగించక ముందే ప్రయోగశాల నివేదిక తెప్పించమనండి. అది చాలావరకు మీకు ‘ఏ’ల లెక్క చెప్పదు, రాయి సహజమైనదా, వేడిచేశారా, ఏమైనా నింపారా అన్నది చెబుతుంది. వెల బేరమాడటానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

ప్రశ్న: మా అవ్వ ఇచ్చిన పచ్చ ఉంగరాన్ని పండక్కి కడిగితే, రాతిలో ఇదివరకు లేని గీతలు తేలాయి. అది జాతిపచ్చ కాదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: గీతలు ఉన్నంతమాత్రాన అనుమానించనక్కర్లేదు, జీరలు లేని పచ్చ దొరకడమే అరుదు. ఆ జీరలు కనిపించకుండా పచ్చకు నూనె పట్టించడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం. మీరు వేడినీళ్లలో కుంకుడు రసం కలిపి కడిగి ఉంటే, బంగారం మురికితోపాటు రాతిలోని నూనె కూడా పోయి ఉంటుంది. అనుభవమున్న రాళ్ల పనివారు తిరిగి నూనె పట్టించగలరు. ఇకమీదట ఆ ఉంగరాన్ని తడి గుడ్డతో తుడవండి చాలు, ధ్వని తరంగాలతో నగలను శుభ్రంచేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయడానికి మాత్రం ఎవరికీ ఇవ్వకండి.