సరుకు సిద్ధమైందని ఎప్పుడు అనుకోవాలి?

చిన్న పరిశ్రమలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు, వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు వ్యాపారాల గురించి వచ్చినా, ఒకే సందేహాన్ని అడిగాయి. అందుకే మిగతావాటిని వచ్చే సంచికకు ఉంచి, ఈ మూడింటికే సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: ముగ్గురం కలిసి రెండేళ్ళుగా తెలిసినవాళ్ళకు కారప్పొడులు చేసి ఇస్తున్నాం. ఇప్పుడు సజ్జలు, రాగులు, వేయించిన వేరుశనగ గుళ్ళు కలిపి పిల్లలకోసం జావపిండి తయారు చేశాం. రుచి చూసినవారంతా బాగుందన్నారు. సంక్రాంతికి దుకాణాల్లో పెట్టేయాలని మిగతా ఇద్దరి పట్టు. ఇంకా ఏదో మిగిలిపోయిందని నాకు అనిపిస్తోంది కానీ, అదేమిటో చెప్పలేకపోతున్నాను. ఇంట్లోవాళ్ళు నన్ను పిరికిదాన్ని అంటున్నారు. సరుకు సిద్ధమైందని దేన్నిబట్టి తెలుసుకోవాలి?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీది పిరికితనం కాదు. మీకు తోచినదాన్ని మాటల్లో పెట్టడానికి ముందు ఒక పని చేయండి. మీ సరుకులో రాగల తప్పులన్నిటినీ రెండుగా విడదీయండి. అమ్మిన తరువాత దిద్దుకోగలిగినవి ఒక వైపు, అమ్మాక ఇక మన చేతిలో ఉండనివి మరో వైపు. పొట్లం రంగు, పేరు, ధర, అరకిలోనా పావుకిలోనా అన్నవి మొదటి వైపువి. అవి వచ్చే నెల మార్చుకున్నా ఎవరికీ నష్టం లేదు. పొట్లంలో పిండి చెడిపోవడం, దానిని ఒక తల్లి తెలియక బిడ్డకు జావ కాచి పెట్టడం రెండో వైపుది. రెండో వైపున ఉన్నవన్నీ తేలేదాకా సరుకు సిద్ధం కానట్టే. మొదటి వైపున సగం మిగిలి ఉన్నా సిద్ధమైనట్టే. చాలామంది చిన్న తయారీదారులు దీన్ని తలకిందులుగా చేయడం చూశాను. పొట్లం మీది బొమ్మకు నాలుగు నెలలు, లోపలి పిండి నిలవకు నాలుగు రోజులు ఇస్తారు.

మీ జావపిండిలో నాకు ముందుగా కనిపించేది సజ్జల సంగతి. సజ్జల్లో కొవ్వు నూటికి 5 పాళ్ళ వరకు ఉంటుంది, రాగుల్లో ఒకటిన్నరకు అటూఇటూ మాత్రమే. గింజగా ఉన్నంతకాలం సజ్జ నెలల తరబడి నిలుస్తుంది. మరలో పడి పిండి అయిన క్షణం నుంచి గింజలోని ఎంజైములు ఆ కొవ్వును విరగ్గొట్టడం మొదలుపెడతాయి. పట్టించిన రోజు డబ్బా మూత తీస్తే కమ్మటి వాసన వస్తుంది. పది రోజులు పోయాక అదే మూత తీస్తే ముక్కుకు ఏదో పాత వాసన తగులుతుంది, నాలుక మీద వేసుకుంటే చివర్లో చేదు మిగులుతుంది. మన అమ్మమ్మలు సజ్జపిండిని ఏ పూటకు ఆ పూట విసురుకున్నది ఊరికే కాదు. దీనికి ఉపాయం ఉంది. సజ్జలను మరిగే నీళ్ళలో కొద్ది సెకన్లు ముంచి తీసి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తరువాత పట్టిస్తే ఆ ఎంజైముల జోరు బాగా తగ్గుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. చిరుధాన్యాలతో వ్యాపారం మొదలుపెట్టేవారికి తోడ్పడే అక్కడి విభాగం న్యూట్రిహబ్ మీలాంటివారికి ఇలాంటి పద్ధతులు నేర్పిస్తుంది. ఒకసారి వెళ్ళి రండి.

వేరుశనగది మరో కథ. గుళ్ళలో దాదాపు సగం నూనే కాబట్టి, వేయించి పొడి చేశాక గాలి తగిలితే మక్కిన వాసన వస్తుంది. దానికన్నా ముఖ్యమైనది బూజు. తేమ తగిలిన కాయలో పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, మొలక దగ్గర నల్లబడినవి చేత్తో ఏరి పారేయడం, ఆపైన తయారైన పిండిని గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపి పరీక్ష చేయించడం, రెండూ తప్పవు. పిల్లల ఆహారం అని మీరే రాశారు కనుక ఇందులో నేను వెసులుబాటు ఇవ్వలేను.

ఇక నిలవ పరీక్ష. ‘తయారైన నాలుగు నెలల్లోపు వాడాలి’ అని అచ్చు వేయాలంటే ఆ నాలుగు నెలల సంగతి మీకు స్వయంగా తెలిసి ఉండాలి. ఇంట్లో మిక్సీలో వేసిన రెండు కిలోలతో కాకుండా, దుకాణానికి పంపేటంత మొత్తాన్ని అదే మరలో పట్టించి, అదే పొట్లాల్లో నింపి, వాటిని మూడు చోట్ల పెట్టండి. కొన్ని ఫ్రిజ్‌లో, పోల్చుకోవడానికి. కొన్ని గదిలో. కొన్ని 40 డిగ్రీల దగ్గర, ల్యాబులో అయితే మేలు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి మార్పుల వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. అంటే 40 డిగ్రీల దగ్గర రెండు నెలలు చూస్తే, 30 డిగ్రీల దగ్గర నాలుగు నెలల సంగతి కొంత అంచనాకు వస్తుంది. అంచనాయే కానీ రుజువు కాదు కాబట్టి, గదిలో పెట్టినవాటిని కూడా చివరిదాకా చూస్తూనే ఉండాలి.

సంక్రాంతి అనగానే నాకు బెంగ కలగడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ క్రితం నేను ఒక చిన్న పొడుల కేంద్రంలో లెక్కలు చూసేవాణ్ణి. డిసెంబరులో నువ్వులపొడి చేశాం, డిసెంబరులోనే పరీక్షించాం, జనవరిలో అమ్మాం. ఏప్రిల్ రెండో వారంలో దుకాణాల నుంచి అట్టపెట్టెలు తిరిగి వచ్చాయి. తెరిస్తే పొట్లం అడుగున అతుకు వెంబడి నూనె చెమ్మ సన్నటి గీతలా పాకి ఉంది. కత్తెరతో ఒకటి కోసి వాసన చూసిన మా యజమానురాలు ఒక్క మాట కూడా అనకుండా పెట్టెలన్నీ పెరట్లోకి మోయించారు. మేము చలికాలంలో పరీక్ష చేశాం, కొన్నవారు రేకుల కప్పు కింద ఉన్న దుకాణంలో ఎండాకాలపు సరుకు కొన్నారు. పండక్కి అమ్మే సరుకును మార్చి, ఏప్రిల్ వేడిలో ఉంచి చూడకపోతే మీకూ అదే ఎదురవుతుంది.

అతుకుల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. నింపిన పొట్లాన్ని బకెట్ నీళ్ళలో ముంచి, అరచేతితో మెల్లగా అదమండి. ఎక్కడి నుంచైనా బుడగలు వస్తే ఆ అతుకు పనికిరాదు. ప్రతి విడతలో నాలుగైదు పొట్లాలకు ఇలా చేయండి.

రుచి చూసినవారంతా బాగుందన్నారని రాశారు. మీ ఇంటికి వచ్చి, మీ చేతి జావ తాగి, మీ ఎదుట బాగాలేదని ఎవరంటారు? మంచి పద్ధతి ఒకటుంది. కొత్తగా చేసిన పిండితోనూ, రెండు నెలలు నిలవ ఉన్న పిండితోనూ జావ కాచి, ఒక్కొక్కరికి మూడేసి గిన్నెలు ఇవ్వండి. రెండింటిలో ఒకటే రకం, మూడోదానిలో వేరేది. వరుస మారుస్తూ ఉండాలి. వేరేది ఏదో చెప్పమనండి. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెబుతారు. కాబట్టి 12 మందిలో నలుగురు చెబితే అర్థం లేదు, 8 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది చెబితే తేడా నిజంగానే ఉన్నట్టు. ఆ తేడా తెలిసినవారు ఏ గిన్నెను ఇష్టపడ్డారో తరువాత అడగండి.

ఆపైన అమ్ముడుపోవడం రుచితో మాత్రమే తేలదు. 1985లో అమెరికాలో కోకా-కోలా సంస్థ సుమారు రెండు లక్షల మందికి రుచి చూపించి, ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారని నమ్మి, ఏప్రిల్ 23న తన పానీయం రుచినే మార్చింది. జనం తిరగబడ్డారు. 79 రోజులకు, జూలై 11న, పాతదాన్ని తిరిగి తెస్తున్నట్టు ప్రకటించింది. రెండు గుక్కలు తాగి బాగుందనడం వేరు, పాతది ఇక దొరకదంటే ఒప్పుకోవడం వేరు. మీకు కావలసింది ‘బాగుంది’ అనే మాట కాదు. ఒక పొట్లం అయిపోయాక డబ్బు ఇచ్చి రెండోది కొన్నవారు ఎంతమంది అన్నది చూడండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను లేదా లైసెన్సు 14 అంకెల సంఖ్య, దినుసుల జాబితా, వేరుశనగ ఉన్నదన్న హెచ్చరిక, శాకాహారపు గుర్తు, పోషక విలువలు, నికర తూకం, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, చిరునామా, ఫిర్యాదుకు ఫోను నంబరు పొట్లం మీద ఉండాలి. ‘బరువు పెంచుతుంది’, ‘రోగాలు రానివ్వదు’ లాంటి మాటలు వేయకండి.

ఇప్పుడు చేయవలసిన పని ఇది. ఏ ఏ పరీక్షలు ఎలా తేలితే అమ్ముతారో ఒక కాగితం మీద ఈ వారమే రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. పండగ దగ్గరపడ్డాక రాస్తే, చేతిలో ఉన్న ఫలితానికి తగ్గట్టుగా షరతులు మారిపోతాయి. ల్యాబు ఫలితం అనుకూలంగా వస్తే, సంక్రాంతికి దుకాణాలకు కాకుండా ఫోను నంబర్లు మీ దగ్గరున్న వంద ఇళ్ళకు, పది రోజుల్లో వాడేయమని తేదీ వేసి, అప్పటికప్పుడు పట్టించి ఇవ్వండి. ఎక్కడైనా తేడా వస్తే వంద ఫోన్లతో వెనక్కి తెప్పించుకోవచ్చు. దుకాణాల సంగతి వేడి పరీక్ష ముగిశాక ఉగాదికి చూసుకోవచ్చు.

ప్రశ్న: నలుగురు స్నేహితులం కిరాణా దుకాణాలకోసం బిల్లులు వేసే మొబైల్ యాప్ తయారు చేశాం. ఏడాది నుంచి ఏదో ఒకటి కలుపుతూనే ఉన్నాం. ఒకరు ఇక మార్కెట్లోకి వదలాలంటారు, మరొకరు అప్పు ఖాతా కూడా చేర్చాకే అంటారు. ఎవరిది సరైన మాట?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: వదలాలన్నవారిది, ఒక్క మినహాయింపుతో. పొట్లంలోకి వెళ్ళిన పిండి తిరిగి రాదు కానీ, యాప్‌ను ఎప్పటికప్పుడు సరిచేసి పంపవచ్చు. గూగుల్ తన జీమెయిల్‌ను 2004 ఏప్రిల్ 1న ఆహ్వానం అందినవారికి మాత్రమే ఇచ్చి, ఇంకా పరీక్షలో ఉన్నదన్న ‘బీటా’ ముద్రను 2009 జూలై దాకా తీసేయలేదు. మీరూ పది దుకాణాలకు ఇవ్వండి. అప్పు ఖాతా నిజంగా కావాలో వద్దో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారే చెబుతారు.

మినహాయింపు డబ్బు లెక్క. బిల్లు మధ్యలో ఫోను ఆగిపోతే ఏమవుతుంది? నెట్ లేనప్పుడు వేసిన బిల్లు, నెట్ రాగానే రెండుసార్లు నమోదవుతుందా? తిరిగి ఇచ్చిన సరుకుకు జీఎస్టీ సరిగ్గా తగ్గుతుందా? రాత్రి దుకాణం కట్టేటప్పుడు గల్లాలోని నోట్లకూ మీ యాప్ చూపే మొత్తానికీ వరుసగా 30 రోజులు తేడా రాకుండా చూడండి. తేడా వచ్చిన రోజున కారణం కనిపెట్టి, సరిచేసి, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. ఒక్కసారి పద్దు తప్పితే ఆ దుకాణదారు మళ్ళీ చిట్టా పుస్తకమే తీస్తాడు, పక్క దుకాణానికీ చెబుతాడు.

ప్రశ్న: గానుగ నూనె కేంద్రం పెట్టాం. శ్రావణంలో ముహూర్తం కుదిరింది, పెద్దవారిని పిలిచాం, కార్డులు పంచాం. వేరుశనగ నూనెకు ల్యాబు నివేదిక ఇంకా రాలేదు. వాయిదా వేస్తే పరువు పోతుందని మా నాన్నగారు బాధపడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: నాన్నగారి బాధ అర్థం చేసుకోదగినదే. అయితే 2019 జూలై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో ఏం జరిగిందో ఆయనకు గుర్తుచేయండి. రాష్ట్రపతి స్వయంగా వచ్చి ఉన్నారు, దేశమంతా మేలుకొని చూస్తోంది. గడియారంలో ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా, రాకెట్‌లో సాంకేతిక లోపం కనిపించిందని చంద్రయాన్-2 ప్రయోగాన్ని ఆపేశారు. వారం తిరిగేసరికి జూలై 22న అది నింగికెగిరింది. ఆపినందుకు ఆ శాస్త్రజ్ఞుల పరువు పోయిందని ఎవరూ అనలేదు.

మీ విషయంలో ముహూర్తం మానుకోనవసరం కూడా లేదు. పూజ చేయండి, గానుగ తిప్పండి, వచ్చినవారికి కేంద్రమంతా చూపించండి. ఆ రోజు నూనె మాత్రం అమ్మకండి, ఆ నూనెతో వండి వడ్డించకండి. శుద్ధి చేసిన నూనెలో అఫ్లటాక్సిన్ చాలామటుకు పోతుంది. గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు కాబట్టి, గుళ్ళలో ఉన్నది నూనెలోకి దిగే అవకాశం ఉంది. నివేదిక మీద మీరు అంతగా ఆధారపడవలసి రావడానికి కారణం ఇదే. ఏ బస్తాల గుళ్ళు ఆడారో ఆ డబ్బాల మీద సంఖ్య వేసి విడిగా పెట్టండి. నివేదిక ఫలానా విడతకు వస్తుంది, కేంద్రం మొత్తానికి కాదు.

వచ్చినవారి దగ్గర పేర్లు, ఎన్ని లీటర్లు కావాలో రాసుకోండి, డబ్బు తీసుకోకండి. పరీక్ష ఫలితం రాగానే ఇంటికి పంపుతామని నాన్నగారి చేతనే చెప్పించండి.