ఫ్లెక్సీ కాదమ్మా, ఫ్లెక్సో

ప్రశ్న: మా అబ్బాయికి పాలిసెట్‌లో ఫర్వాలేదనిపించే ర్యాంకు వచ్చింది. ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఏఐ డిప్లొమా సీటు మాట్లాడుకుని అడ్వాన్సు కూడా కట్టాము. వాడేమో వేసవిలో జీడిమెట్లలో ఫ్లెక్సో ముద్రణకు ప్లేట్లు తయారుచేసే మా తమ్ముడి షాపులో నెల రోజులు ఉండి వచ్చి, సికింద్రాబాద్ ప్రభుత్వ సంస్థలో ప్రింటింగ్ టెక్నాలజీ చదువుతానని పట్టుబట్టాడు. బంధువులు ‘ఫ్లెక్సీలు వేసే కోర్సా?’ అని నవ్వుతున్నారు. మా పెద్దమ్మాయి ఫీజు తమ్ముడే కట్టాడు, కాదనను. కానీ పదో తరగతితో చదువు ఆపేసి, ఆ రసాయనాల వాసనల మధ్యే వాడి వయసంతా గడిచిపోయింది. పత్రికలే మూతపడుతున్న రోజుల్లో ప్రింటింగ్ చదివి ఏం చేస్తాడు? రెండు కోర్సులనూ పోల్చి చెప్పండి. — ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: అమ్మా, ముందుగా బంధువుల మాట తేల్చేద్దాం. కూడలిలో నాయకుల బొమ్మలతో కట్టే ఫ్లెక్సీకీ, మీ అబ్బాయి చెబుతున్న ఫ్లెక్సోకూ పేరులో తప్ప పోలిక లేదు. ఫ్లెక్సోలో రబ్బరులా వంగే ప్లేటు మీద అక్షరాలూ బొమ్మలూ ఉబ్బెత్తుగా ఉంటాయి. దానిని సిలిండరుకు చుట్టి, పలుచని ఇంకుతో అట్ట మీద, ప్లాస్టిక్ ఫిల్ము మీద, లేబుల్ కాగితం మీద ముద్రిస్తారు. పత్రికల సంగతి వేరు, అవి అచ్చయ్యేది ఆఫ్‌సెట్ అనే మరో పద్ధతిలో. పత్రిక చదవడం మానేసి ఫోనులో చీర కొనుక్కునేవారికి కూడా ఆ చీర అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ కవరులోనో వస్తుంది.

మీ అసలు భయం బంధువుల నవ్వూ కాదు, పత్రికల మూతా కాదు. తమ్ముడి జీవితమే కొడుక్కీ వస్తుందేమోనన్నది మీ దిగులు. అది వట్టి భయమని నేను అనను. తయారీలో భాగంగా ప్లేట్లను కడగడానికి ఒకప్పుడు పెర్‌క్లోరోఇథిలీన్, బ్యూటనాల్ కలిపిన ద్రావకాన్ని విరివిగా వాడేవారు. వాటిలో మొదటిది మనుషులలో క్యాన్సర్‌కు కారణం కావచ్చునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించిన పదార్థం. ఇప్పుడు క్లోరిన్ లేని ద్రావకాలు వచ్చాయి, నీటితోనే కడిగే ప్లేట్లు వచ్చాయి, ద్రావకమే లేకుండా వేడితో మెత్తబడిన పాలిమర్‌ను, అంటే ప్లేటు మీది రబ్బరులాంటి పదార్థాన్ని, బట్టకు అద్ది తీసేసే పద్ధతి కూడా వచ్చింది. మీ తమ్ముడి షాపులో ఏది వాడుతున్నారో, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉందో లేదో అడగడం మీ హక్కు. అడగకుండానే ఆ వృత్తిని మొత్తంగా తీసిపారేయడం మాత్రం న్యాయం కాదు.

ఆ షాపులో పసుపు దీపాలు వెలిగే గదిలో మీవాడు ఏం చూసి వచ్చాడో మీరు ఒక్కసారైనా కూర్చోబెట్టి విన్నారా? పాలియెస్టర్ ఫిల్ము మీద కాంతికి గట్టిపడే పాలిమర్ పొర ఉన్న ముడి ప్లేటును పెద్ద రసాయన కంపెనీలు తయారుచేస్తాయి. డ్యూపాంట్ సంస్థ 1970లలోనే సైరెల్ పేరుతో ఇటువంటి ప్లేటును తెచ్చింది. దాన్ని ముద్రణకు సిద్ధం చేయడం మీ తమ్ముడివంటివారి పని. వెనుక వైపు నుంచి అతినీలలోహిత కాంతి పెట్టి అడుగును గట్టిపరుస్తారు. పైనున్న నల్లని పొరను బొమ్మ ప్రకారం లేజరుతో తొలగించి, ఆ సందుల గుండా మళ్లీ కాంతి పంపుతారు. కాంతి తగలని భాగం కడిగితే పోతుంది. ద్రావకంతో కడిగిన ప్లేటును సుమారు 60 డిగ్రీల ఓవెన్‌లో గంటల తరబడి ఆరబెట్టి, మరోసారి కాంతి చూపించి, జిగట పోగొడతారు. వెనుక కాంతి ఎక్కువైతే అక్షరాల మధ్య లోతు తగ్గి ఇంకు పూడుకుంటుంది, తక్కువైతే సన్నని చుక్కలు నిలబడక కడుగుడులోనే కొట్టుకుపోతాయి.

ఇందులో లెక్క కూడా ఉంది. చదునుగా ఉన్న ప్లేటును సిలిండరుకు చుట్టినప్పుడు పైభాగం సాగుతుంది. 1.14 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటుతో 400 మిల్లీమీటర్ల చుట్టుకొలతలో ముద్రించాలంటే, బొమ్మను ఆ దిశలో ముందుగానే సుమారు ఒకటిన్నర శాతం కుదించాలి. లేకపోతే గుండ్రని ముద్ర కోడిగుడ్డు ఆకారంలో అచ్చవుతుంది. ఆ కుదింపు ఎందుకో పదో తరగతి పిల్లవాడు మేనమామ దగ్గర అడిగి తెలుసుకుని వస్తే, వాడికి చదువు మీద శ్రద్ధ లేదని ఎలా అంటాము?

ఇక ఏఐ డిప్లొమా గురించి నా సందేహాలు దాచుకోను. ఆ విద్య గొప్పదే. అయితే దాని పునాది సంభావ్యత, మాత్రికలు, కలన గణితం. పదో తరగతి ముగించిన పిల్లవాడికి మూడేళ్లలో వాటిని నేర్పి, ఆపైన ప్రోగ్రామింగూ నేర్పాలంటే గట్టి అధ్యాపకులు కావాలి. ఆ పేరు పెట్టుకున్న తరగతుల నుంచి వచ్చిన పిల్లలు కొందరు నా ఎదుట కూర్చుని, తాము నేర్చుకున్నది పాత కంప్యూటర్ కోర్సేనని, బోర్డు మాత్రమే మారిందని చెప్పారు. పైగా ఆ రంగంలో మంచి ఉద్యోగాలకు బీటెక్, ఆ పైచదువు అడుగుతున్నారు. మీరు అడ్వాన్సు కట్టే ముందు, అక్కడ ఆ పాఠాలు చెప్పేది ఎవరో, వారు ఏం చదివారో అడిగారా? అడగలేదనే నా అనుమానం. డబ్బు కట్టాక నన్ను అడుగుతున్నారు, మీ అబ్బాయిని మాత్రం ఇంతవరకూ అడగలేదు. ఫీజుకు పనికొచ్చిన తమ్ముడి పని, కొడుకు ఇష్టపడేసరికి మీకు చిన్నతనంగా తోచింది. ఈ మాట కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు.

పోల్చి చెప్పమన్నారు కనుక, ప్రింటింగ్ వైపు కష్టాలు కూడా చెబుతాను. మొదటి జీతం చిన్నది, నిలబడి చేసే పని, రాత్రి షిఫ్టులు ఉంటాయి, ఉద్యోగం సిద్దిపేటలో కాక హైదరాబాద్‌లోనో ముంబైలోనో దొరుకుతుంది. దారి మూసుకుపోదు మాత్రం: డిప్లొమా తరువాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, ఆ తరువాత కావాలంటే 1966లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌లో పీజీ డిప్లొమా చేయవచ్చు, దానికి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. మేనమామ చదువు ఆపేసి అందులోకి వెళ్లాడు. మీవాడు చదువుకుని వెళతానంటున్నాడు. ఒక్క సలహా ఇస్తాను, మొదటి ఉద్యోగం మేనమామ షాపులో వద్దు. తప్పు చేస్తే మందలించే పరాయి యజమాని దగ్గర రెండేళ్లు పనిచేయనివ్వండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే గడువులోగా మీరూ మీవారూ ఒక పూట జీడిమెట్ల వెళ్లండి. మీ తమ్ముడిని మాట్లాడనివ్వకుండా, ఒక ప్లేటు మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారవుతుందో మీ అబ్బాయి చేతే చెప్పించుకోండి. ఎక్కడ తడబడతాడో, ఎక్కడ ఆగకుండా చెబుతాడో గమనించి, నాకు మళ్లీ రాయండి.