ఆఫీసులో మధ్యాహ్నానికే చెమట వాసన ఎందుకు వస్తుంది?

పొద్దున స్నానం చేసి, సెంటు కొట్టుకుని వెళ్లినా మధ్యాహ్నం మీటింగ్ వేళకు చంకల్లో వాసన వస్తోందని అడిగారు. మొహమాటం కొద్దీ తోటి ఉద్యోగులు చెప్పని విషయాన్ని మీరే గమనించుకోవడం మంచిదైంది.

నిజానికి చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చంకల్లోని ప్రత్యేక గ్రంథులు విడుదల చేసే, కొవ్వులూ మాంసకృత్తులూ కలిసిన స్రావాన్ని చర్మంపై ఉండే బాక్టీరియా విడగొట్టినప్పుడు ఆ వాసన పుడుతుంది. సెంటు దాన్ని కాసేపు కప్పుతుంది, అంతే. డియోడరెంట్ బాక్టీరియాను కొంత అదుపు చేస్తుంది. యాంటీపెర్స్పిరెంట్‌లోని అల్యూమినియం లవణాలైతే స్వేద రంధ్రాలను తాత్కాలికంగా మూసి, చెమటనే తగ్గిస్తాయి. అయితే చాలామంది దీన్ని స్నానం కాగానే తడి ఆరని ఒంటికి రాసుకుంటారు; రాత్రి పడుకునే ముందు, చెమట తక్కువగా ఉన్నప్పుడు, పూర్తిగా ఆరిన చర్మానికి రాసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. సెలూన్లో గడ్డం గీశాక రుద్దే పటిక కూడా అల్యూమినియం లవణమే కనుక, దాన్ని తడిపి చంకల్లో రుద్దుకునే పాత అలవాటు అర్థం లేనిదేమీ కాదు.

చొక్కాల విషయానికొస్తే, పాలియెస్టర్ కంటే నూలు బట్ట వాసనను తక్కువగా పట్టి ఉంచుతుంది. ఏ బట్టయినా ఉతికేముందు లోపలి వైపుకు తిప్పి, చంక భాగంలో సబ్బు రుద్ది కాసేపు నాననివ్వండి.