పక్క కుర్చీ ఎంత దూరంలో ఉండాలి?

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తరగతి గదిలో తోడుగా ఉండే సహాయకులు, అంటే మన ఊళ్లో అందరూ షాడో టీచర్లని పిలిచేవాళ్లు, ఈ నెల పంపిన ప్రశ్నలివి. జవాబులిచ్చినవారు స్పెషల్ ఎడ్యుకేటర్లు (ఇలాంటి పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందిన టీచర్లు), ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదిచ్చేవాళ్లు).

ప్రశ్న: డిగ్రీ చదివాను, బి.ఎడ్. లేదు. ఆటిజం ఉన్న రెండో తరగతి బాబుకు షాడో టీచర్‌గా రమ్మని ఇంటి దగ్గర స్కూల్ వాళ్లు అడుగుతున్నారు. జీతం మాత్రం బాబు అమ్మానాన్నలే ఇస్తారట. కోర్సు చేయకుండా చేరొచ్చా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: చేరొచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. షాడో టీచర్‌కు ఆ నిబంధన లేదు. కాబట్టి మీరు స్పెషల్ ఎడ్యుకేటర్ అని చెప్పుకోకూడదు, స్కూల్ వాళ్లు కరపత్రంలో అలా వేస్తామన్నా ఒప్పుకోకూడదు. ఈ పనిలోనే కొనసాగాలనుకుంటే ఇంటర్ అర్హతతో రెండేళ్ల డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. ఉంది, అక్కడికి ఒకసారి వెళ్లి కనుక్కోండి. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ ఎన్.ఐ.ఎం.హెచ్. అనే అంటారు.

అసలు చిక్కు జీతం దగ్గర వస్తుంది. డబ్బులిచ్చేది తల్లిదండ్రులు, పని చేయించుకునేది స్కూల్. రేపు ఇద్దరూ రెండు మాటలు చెబితే మధ్యలో నలిగేది మీరే. అందుకే చేరకముందే ఒక కాగితం మీద రాయించుకోండి: బాబు రాని రోజులకు, వేసవి సెలవులకు జీతం ఉంటుందా? చదువు విషయంలో మీరు ఎవరి మాట వినాలి? (క్లాస్ టీచర్ మాటే వినాలి, థెరపిస్టు సలహా కూడా ఆమె ద్వారానే రావాలి.) బాత్రూమ్‌కు ఎవరు తీసుకెళ్లాలి, ఆ సమయంలో దగ్గర్లో ఇంకో పెద్దవాళ్లు ఉంటారా? ఏదైనా టీచర్ సెలవు పెడితే మిమ్మల్ని ఆ క్లాసుకు పంపిస్తారా? ఈ చివరిది తప్పకుండా అడగండి, చాలా స్కూళ్లలో జరిగేది అదే. బాబుకు ఐ.ఇ.పి. రాసి ఉంటే, అంటే ఈ ఏడాది ఏమేం నేర్పాలో పెట్టుకున్న ప్రణాళిక ఉంటే, దాని కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మూడో తరగతి బాబు. పక్కన కూర్చుంటేనే రాస్తాడు. లేచి నిలబడితే పెన్సిల్ కింద పెట్టేస్తాడు. మేడమ్ కూడా ఏదున్నా నాకే చెబుతున్నారు తప్ప వాడితో మాట్లాడటం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఈ రెండూ ఒకే సమస్య. బ్రిటన్‌లో 2003 నుంచి 2008 వరకు టీచింగ్ అసిస్టెంట్ల మీద పెద్ద అధ్యయనం జరిగింది. అసిస్టెంట్ సాయం ఎక్కువగా అందిన పిల్లలు, అదే స్థాయిలో ఉండి తక్కువ సాయం పొందిన పిల్లలకన్నా చదువులో తక్కువ ముందుకెళ్లారని అందులో తేలింది. ఒక ముఖ్య కారణం, ఆ పిల్లలకు అసలు టీచర్ దూరమైపోవడం. మీ తరగతిలో ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

ముందు మీ నోటితో మొదలుపెట్టండి. "రాయి నాన్నా, రాయి, రాయి" అని పదిసార్లు అంటే, పదకొండోసారి దాకా ఆగొచ్చని వాడికి నేర్పినట్టే. పని చెప్పాల్సింది మేడమ్. ఆమె చెప్పాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి ఆగండి. కదలకపోతే పుస్తకంలో ఆ లెక్క మీద వేలు పెట్టి చూపించండి, నోరు మెదపొద్దు. మళ్లీ ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ లేకపోతే ఒకే ఒక్క మాట చెప్పండి. చెయ్యి పట్టి రాయించడం అన్నిటికన్నా చివర, అది కూడా మణికట్టు దగ్గర తేలిగ్గా తాకి, వాడు గీత మొదలుపెట్టగానే వదిలేయాలి. మాటకన్నా వేలు ముందు ఎందుకంటే, చూపే వేలిని రోజురోజుకీ కొంచెం దూరం జరపొచ్చు, మాటను అలా కొద్దికొద్దిగా తగ్గించడం కష్టం.

ఇక కుర్చీ. ఒక్కసారిగా గది చివరికి వెళ్లిపోతే వాడు బెదిరిపోతాడు, మీరు మర్నాడే మళ్లీ పక్కకు వచ్చేస్తారు, కథ మొదటికొస్తుంది. ముందు వాడి పక్కనుంచి కాస్త వెనక్కి, భుజం వెనక మూలగా జరపండి. ఐదు రోజుల్లో నాలుగు రోజులు మీ ప్రమేయం లేకుండా మొదటి లెక్క మొదలుపెడితేనే ఇంకో అడుగు: బెంచీ చివరికి, తర్వాత వెనక బెంచీకి, ఆ తర్వాత గోడ దగ్గరికి. సంక్రాంతి, దసరా సెలవుల తర్వాత ఒక మెట్టు దిగాల్సి వస్తుంది, అది మామూలే. ఖాళీగా కూర్చోవడానికి ఇబ్బందనిపిస్తే ఇద్దరు ముగ్గురు వేరే పిల్లల నోట్సు చూడండి. తరగతికి మీరు "వాడి ఆంటీ"గా కాకుండా "మన ఆంటీ"గా కనబడటం వాడికీ మంచిది.

మీరు లేచిన చోట వాడికి ఆసరాగా డెస్కు మీద అరచేయంత అట్టముక్క అంటించండి. అందులో నాలుగే బొమ్మలు: పుస్తకం, తేదీ, లెక్క, ఎత్తిన చెయ్యి. చెయ్యెత్తగానే వచ్చి టిక్కు పెట్టాల్సింది మేడమ్, మీరు కాదు. దీనికి ఆమె ఒప్పుకోవాలి. ఒక పీరియడ్‌లో రెండే రెండుసార్లు చాలని అడగండి, సాధారణంగా కాదనరు. "వాడు రాశాడా?" అని ఆమె మిమ్మల్ని అడిగితే జవాబు చెప్పకండి. వాడి వైపు తిరిగి "మేడమ్ నిన్ను అడుగుతున్నారు" అనండి. వారం రోజుల్లో ఆమె ప్రశ్న దిశ మారుతుంది.

ప్రశ్న: నాలుగో తరగతి పాపకు డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య. తెలుగు డిక్టేషన్‌లో ఒత్తులన్నీ వదిలేస్తుంది. "శక్తి"ని "శకతి" అని రాస్తుంది. పదేసి సార్లు రాయించినా లాభం లేదు.
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: పదేసి సార్లు రాయించడం ఆపేయండి. తప్పునే పదిసార్లు సాధన చేయిస్తున్నారు. నిజానికి "శకతి" అని రాసిన పాప చెవి బాగానే పనిచేస్తోంది. ఆమెకు చివర "తి" వినబడింది, అదే రాసింది. మన లిపిలో గుడి "క" మీద పడుతుంది, "త" కిందికి పోతుంది. చెవికి వినబడే వరస ఒకటి, కంటికి కనబడే వరస ఇంకొకటి. ఈ సంగతి ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు.

ముందు వినికిడి పని. గడి–గడ్డి, మడి–మడ్డి, కల–కల్ల లాంటి జంటలు చెబుతూ, ఒత్తున్న మాట వచ్చినప్పుడు బల్ల మీద గట్టిగా తట్టమనండి. ఇది నోటితోనే, రాత వద్దు. పదిలో తొమ్మిది సరిగ్గా తట్టాకే పెన్సిల్ చేతికివ్వండి. రాతలో ప్రతి అక్షరానికి రెండంతస్తుల గడి గీయండి: పైన అక్షరం, గుణింతం, కింద ఒత్తు. డ, ద, చ ఒత్తులు తలకట్టు తీసేసిన అదే అక్షరాలు కాబట్టి అడ్డం, ముద్ద, పచ్చతో మొదలుపెట్టండి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అక్షరంతో పోలికే ఉండదు. వాటిని వారానికి ఒకటి చొప్పున, రోజుకు ఐదు మాటలు, పది నిమిషాలు మించకుండా నేర్పండి. అత్త, అన్న, అమ్మ, అయ్య, పల్లె అన్నీ వచ్చాకే శక్తి, పుస్తకం, చంద్రుడు. రూళ్ల పుస్తకంలో గీత విడిచి గీత రాయించండి, లేకపోతే ఒత్తు కింది వరసలోని అక్షరంలో కలిసిపోతుంది.

ఒకేలా కనబడే అక్షరాలను ఒకే రోజు నేర్పొద్దు. "మ" గట్టిపడ్డాక పది రోజులకు "య". ద, ధ, థ దగ్గర తేడాను మాటల్లోనే చెప్పించండి: ధకు కింద గీత, థకు గీతతోపాటు కడుపులో చుక్క.

పరీక్షల సంగతి తల్లిదండ్రులకు ఇప్పుడే చెప్పండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే సి.బి.ఎస్.ఇ. బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు. పదో తరగతిలో పరుగులు పెట్టేకన్నా ముందే ఆ కాగితం పని చూసుకోవడం నయం.

ప్రశ్న: మా క్లాసులో ఫిట్స్ వచ్చే బాబు ఉన్నాడు. వస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: మొదట గడియారం చూడండి. బెంచీలు జరిపి, తల కింద మడతపెట్టిన చున్నీ పెట్టి, టై, కాలర్ వదులు చేయండి. పక్కకు ఒత్తిగిలేలా తిప్పండి. కొట్టుకునే చేతులు, కాళ్లు పట్టుకోవద్దు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ పెట్టొద్దు. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, ఆ వెతుకులాటలో సమయం పోతుంది. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, ఊపిరి సరిగ్గా అందకపోయినా 108. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే స్ప్రే ఇంటి నుంచి ఇచ్చి ఉంటే డాక్టర్ చీటీ, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి స్కూల్ ఫైల్లో ఉండాలి. మిగతా పిల్లలను బయటికి పంపే పని ఎవరిదో ముందే అనుకోండి.

ప్రశ్న: అమ్మగారు గంట గంటకూ వాట్సాప్‌లో "ఎలా ఉన్నాడు?" అని అడుగుతున్నారు. జవాబివ్వకపోతే బాధపడతారు.
– ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: ఆమె ఆందోళనలో అర్థం ఉంది, కానీ ఫోన్ చూస్తూ పిల్లవాడిని చూడలేరు. స్కూల్ డైరీలో రోజూ మూడు వాక్యాలు రాసిస్తానని, అత్యవసరమైతే ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందని క్లాస్ టీచర్ ముందే చెప్పండి. రాసేది అభిప్రాయం కాకూడదు. "ఈ రోజు బాగా అల్లరి చేశాడు" అంటే ఇంట్లో తిట్లు పడతాయి తప్ప ఇంకేం తెలియదు. "11.20కి బెల్ మోగగానే చెవులు మూసుకుని గుమ్మం దాకా పరుగెత్తాడు, నాలుగు నిమిషాల తర్వాత తనే వచ్చి కూర్చున్నాడు" అని రాయండి. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది, ఈ మూడూ అందులో ఉన్నాయి. ఇలాంటివి రెండు వారాలవి పక్కపక్కన పెడితే, బెల్ దగ్గరి సీటు మార్చాలా, బెల్‌కు నిమిషం ముందే చెప్పి ఉంచాలా అన్నది తేలుతుంది. ఫొటోలు, వీడియోలు మాత్రం పంపొద్దు. అందులో పక్క పిల్లలూ పడతారు, వాళ్ల అమ్మానాన్నలు మీకు అనుమతి ఇవ్వలేదు.