ఎజైల్ కోర్సుకు 85 వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. మా అబ్బాయి బీబీఏ అయ్యాక భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేరాడు. ప్రమోషన్ కావాలంటే 'ఎజైల్ లీడర్‌షిప్' ఉండాలని హెచ్ఆర్ వాళ్లు అన్నారట. ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సుకు హైదరాబాద్ సంస్థ ఒకటి 85 వేలు అడుగుతోంది. మావారేమో ఆ డబ్బుతో రెండు ఏరేటర్లు (చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) వస్తాయంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఈ ఏడాదికి మీవారి మాటే నెగ్గనివ్వండి.

ఎజైల్ అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది సాఫ్ట్‌వేర్ వాళ్ల వల్లే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని ఒక చిన్న ప్రకటన రాశారు. ఏడాదంతా తలుపులేసుకుని తయారుచేసి చివర్లో చూపించే బదులు, కొంచెం కొంచెంగా చేసి, వాడేవాళ్లకు చూపించి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి మార్చుకుంటూ పోవాలన్నది దాని సారం. కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది ఆ పద్ధతులే: బోర్డు మీద చీటీలు, రెండు వారాల గడువులు, పొద్దున్నే నిలబడి మీటింగు. ఐటీ ఉద్యోగానికి పనికొస్తాయి. రొయ్య మాత్రం రెండు వారాలు ఆగదు.

హెచ్ఆర్ వాళ్లకు కావలసింది వేరే అయి ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు పెద్ద మార్కెట్ అదే. అలాంటి దెబ్బ తగిలినప్పుడు కంపెనీ వేరే దేశాల కొనుగోలుదారులను వెతుక్కోవాలి. వాళ్లు అడిగే కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) వేరు, ప్యాకింగ్ వేరు, తల ఉంచాలా తీయాలా అన్నదీ వేరు. నిన్నటిదాకా ఒకే పని చేసిన లైను రేపట్నుంచి ఇంకో పనికి మారాలి. సరుకు పాడవకుండా, గొడవ లేకుండా ఆ మార్పు నడిపించే మనిషి వాళ్లకు కావాలి.

దీనికి నేను చూసే కొలత ఒక్కటే. చెడు కబురు కింది నుంచి పైకి ఎంత త్వరగా వస్తోంది? ఇది మీ చెరువు గట్టు మీద ఉన్న సంగతే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రొయ్యలు పైకి తేలడం చూసిన కాపలా మనిషి వెంటనే ఏరేటర్లన్నీ వేసేసి ఆ తర్వాత ఫోన్ చేస్తాడా, కరెంటు బిల్లు పెరిగితే అయ్యగారు తిడతారని తెల్లారేదాకా చూస్తాడా? అది అతని తెలివికన్నా, కిందటిసారి మీవారు అతనితో ఎలా మాట్లాడారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ప్లాంటులోనూ అంతే. పీలింగ్ టేబుల్ దగ్గర, అంటే రొయ్య పెంకు ఒలిచేచోట, ఒకామె "బాబూ, ఐస్ చాలట్లేదు, సరుకు మెత్తబడుతోంది" అంటుంది. "నీ పని నువ్వు చూసుకో" అని కసిరితే ఆమె మళ్లీ నోరెత్తదు, పక్కనున్న నలుగురూ ఎత్తరు. టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లోపం కనిపిస్తే లైను మీదున్న మామూలు కార్మికుడైనా తాడు లాగి (ఇప్పుడు కొన్నిచోట్ల బటన్ నొక్కి) పని ఆపించవచ్చు. ఆ తాడు మీ అబ్బాయి షిఫ్టులో ఉందా?

షిఫ్టు మొదట్లో పది నిమిషాలు అందరితో మాట్లాడమనండి: నిన్న పని ఎక్కడ ఆగింది, ఇవాళ ఏం మారింది. చెప్పినవాటిలో ఒకటైనా ఆ రోజే సరిచేయాలి. లేకపోతే మూడో రోజుకే అది మొక్కుబడి అయిపోతుంది. ఐస్ తెప్పించడం, ఇద్దర్ని ఒక టేబుల్ నుంచి ఇంకోదానికి మార్చడం లాంటివి తనని అడక్కుండానే చేసుకోవచ్చని, మేనేజరుతో మాట్లాడి, టేబుల్ లీడర్లకు స్పష్టంగా చెప్పాలి. గ్రేడింగ్ తెలిసినవాళ్లకు ప్యాకింగ్ కూడా నేర్పించాలి. ఉష్ణోగ్రత, శుభ్రత, యాంటీబయాటిక్ పరీక్షల్లో మాత్రం సర్దుబాటు అన్న మాటే రాకూడదు. అక్కడ వేలు పెడితే కంటైనర్ తిరిగొస్తుంది.

మారడం మన డెల్టాకు కొత్తేం కాదు. 1990ల్లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ కళకళలాడాయి. అయితే పక్కవాడికి కలిసొచ్చిందని వరిచేను తవ్వేసి, చుట్టుపక్కల చేలకు ఉప్పు ఎక్కించినవాళ్లూ ఉన్నారు. అందుకే మీవాడు ఏ మార్పునైనా ముందు ఒక టేబుల్ మీద, ఒక షిఫ్టు చేసి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఏం మారింది, అప్పటికి తనకేం తెలుసు, ఏం చేశాడు, ఏమైంది. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఇలాంటివి నాలుగు తడుముకోకుండా చెప్పగలిగితే, ఎదుటివాళ్లు సర్టిఫికెట్ గురించి పెద్దగా పట్టించుకోరు.

చదవాలనే ఉంటే, ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదికలైన స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లలో మేనేజ్‌మెంట్ పాఠాలు ఉన్నాయి. వినడానికి ఫీజు లేదు, పరీక్ష రాస్తేనే కట్టాలి. ఇక 85 వేల సంగతి. సర్టిఫికెట్ తప్పనిసరా అని హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి అడగమనండి. తప్పనిసరి అంటే, ఫీజులో కంపెనీ ఎంత భరిస్తుందో కూడా అదే మెయిల్‌లో అడగాలి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ సంస్థకు అడ్వాన్స్ కూడా కట్టకండి.